ఒంటికి కెమెరా ధరించి రోజును చిత్రీకరించడం, పంచుకోవడం ఎలా

చేత్తో ఫోను పట్టుకుని తీసే వీడియోకూ, ఒంటికి తగిలించుకున్న కెమెరా తనంతట తాను తీసుకుపోయే వీడియోకూ ముఖ్యమైన తేడా ఒకటుంది. ఫోను ఎత్తినప్పుడు మీరు తీస్తున్నారని ఎదుటివాళ్ళకు తెలుస్తుంది, ఏం తీస్తున్నారో మీకూ తెలుస్తుంది. ఛాతీకో టోపీకో కళ్ళద్దాలకో ఉన్న కెమెరా విషయంలో ఎదుటివాళ్ళు గమనించరు, కాసేపటికి మీరూ మరిచిపోతారు. రోజువారీ జీవితం ఉన్నదున్నట్టుగా దొరికేది ఆ మరుపు వల్లనే, చిక్కులు వచ్చేదీ దానివల్లనే. కాబట్టి చిత్రీకరించడం ఒక నిర్ణయమనీ, దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టడం పూర్తిగా మరో నిర్ణయమనీ మొదటి నుంచీ మనసులో ఉంచుకోవాలి. ఈ రెండింటి మధ్య కనీసం ఒక రాత్రి గడవాలన్నది నా గట్టి అభిప్రాయం. విశాఖపట్నంలో ఉంటూ ఈ పని మొదలుపెట్టాలనుకునేవారి కోసం కింద రాసిన పద్ధతి అంతా ఆ ఒక్క నియమం మీద కట్టినదే.

ఎవరి కోసమో ముందు తేల్చుకోండి

కెమెరా కొనే ముందే, ఈ వీడియోలు ఎవరు చూడాలని మీరు కోరుకుంటున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. మీ కోసమే అయితే నిజానికి వీడియో అక్కర్లేకపోవచ్చు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు తయారుచేసిన సెన్స్‌క్యామ్ అనే పరికరం మెడలో వేలాడుతూ సుమారు ముప్పై సెకన్లకు ఒక ఫొటో చొప్పున తీసేది. జ్ఞాపకశక్తి దెబ్బతిన్న రోగులు తమ రోజును తిరిగి గుర్తుచేసుకోవడానికి ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో వైద్యులు దాన్ని ఉపయోగించి చూశారు. ఒంటికీ బండికీ తగిలించుకునే ఇప్పటి చిన్న యాక్షన్ కెమెరాల్లోనూ ఇలా విరామంతో ఫొటోలు తీసే సదుపాయం ఉంటుంది. ముప్పై సెకన్లకొకటి అనుకుంటే పది గంటలకు 1,200 ఫొటోలు వస్తాయి, వాటిని గబగబా తిప్పుతూ చూస్తే రోజంతా కొద్ది నిమిషాల్లో కళ్ళముందు నిలుస్తుంది. మనుషుల మాటలు అందులో రికార్డు కావు గనుక, గోప్యత విషయంలో సగం బరువు అక్కడే దిగిపోతుంది.

హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలకు ఇక్కడి ఇల్లు, వీధి, బజారు చూపించాలనుకుంటే వీడియో కావాలి. అయితే దాన్ని లోకమంతటికీ చూపించాల్సిన పని లేదు, కుటుంబానికి మాత్రమే కనిపించే లింకు చాలు. అందరికీ చూపించాలనుకున్నప్పుడే ఈ వ్యాసంలోని జాగ్రత్తలన్నీ పూర్తిగా వర్తిస్తాయి. చాలామంది మొదటి రెండు కోరికలతో మొదలుపెట్టి, ఆలోచించకుండానే మూడోదానిలోకి జారిపోతారు. కాగితం మీద రాసుకోమన్నది అందుకే.

కెమెరా, దాన్ని తగిలించుకునే చోటు

మార్కెట్లో దొరికేవి ప్రధానంగా మూడు రకాలు. గోప్రో, డీజేఐ వంటి సంస్థల యాక్షన్ కెమెరాలు దృఢంగా ఉంటాయి, కానీ బరువు ఎక్కువ. ఇన్‌స్టా360 గో 3 వంటి చిన్న కెమెరాలు 35 గ్రాములే ఉంటాయి, చొక్కా లోపల వేసుకున్న అయస్కాంతపు బిళ్ళకు అతుక్కుంటాయి. ఇక కళ్ళద్దాల కెమెరాలు: 2023లో వచ్చిన రే-బాన్ మెటా 2025లో మన దేశంలోనూ అమ్మకానికి వచ్చింది. చూపు ఎటు తిరిగితే చిత్రం అటు తిరుగుతుంది కాబట్టి సహజంగా ఉంటుంది గానీ, ఒక్కో క్లిప్పు కొద్ది నిమిషాలకు మించదు. పైగా అది కెమెరా అని ఎదుటివాళ్ళకు తెలిసే అవకాశం చాలా తక్కువ. చిత్రీకరణ సాగుతున్నంతసేపూ ముందువైపు చిన్న దీపం వెలుగుతుంది, కానీ ఆ దీపానికి అర్థమేమిటో రైతుబజారులో కూరగాయలమ్మే ఆమెకు ఎవరు చెప్పారు? మొదటిసారి మొదలుపెట్టేవారు నలుగురికీ కనిపించే యాక్షన్ కెమెరానే ఎంచుకోవాలని నా సలహా.

టోపీకి పెడితే తల తిరిగినప్పుడల్లా చిత్రం ఊగి, చూసేవారికి కళ్ళు తిరుగుతాయి. ఛాతీ పట్టీ మేలు, మీ చేతులు చేసే పని అంతా అందులో కనిపిస్తుంది. ఛాతీ కొంచెం కిందికి వాలి ఉంటుంది కాబట్టి కెమెరాను నిటారుగా బిగిస్తే నేలే ఎక్కువ వస్తుంది, కనుక పైకి కాస్త ఎత్తి బిగించండి. కొన్ని పట్టీల్లో కెమెరా తలకిందులుగా కూర్చుంటుంది, చిత్రాన్ని తిరగేసే సెట్టింగు పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి. చీర కట్టుకునేవారికి పమిట, పంజాబీ డ్రెస్సు వేసుకునేవారికి చున్నీ లెన్సు మీదికి జారడం పెద్ద ఇబ్బంది, గాలి తోసినప్పుడల్లా బట్ట అడ్డం పడుతుంది. పమిటను భుజం దగ్గర పిన్నుతో బిగించి, కెమెరాను ఛాతీ మధ్యలో కాకుండా సంచి భుజం పట్టీకి తగిలిస్తే ఇది చాలావరకు తీరుతుంది. స్కూటరు నడిపేవారు హెల్మెట్టుకు రంధ్రాలు చేసి కెమెరా బిగించకండి. ప్రమాదంలో తలను కాపాడాల్సిన వస్తువు అది, దాని గట్టిదనాన్ని వీడియో కోసం తగ్గించుకోకూడదు.

అన్నీ బిగించాక ఫోనులోని ప్రివ్యూ చూస్తూ మెట్లెక్కి దిగండి, కూర్చోండి, వంగి చెప్పులు తొడుక్కోండి. ఈ నాలుగు కదలికల్లో చిత్రం బాగుంటే రోజంతా బాగున్నట్టే.

మార్చుకోవాల్సిన సెట్టింగులు

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, కొన్ని రకాల ఎల్‌ఈడీ దీపాలు దానికి అనుగుణంగా సెకనుకు వందసార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి. కెమెరా 60 హెర్ట్జ్ లెక్కలో ఉంటే ఇంట్లో, దుకాణాల్లో తీసిన వీడియోలో నల్లటి చారలు పాకుతున్నట్టు కనిపిస్తుంది. సెట్టింగుల్లో యాంటీ ఫ్లికర్‌ను 50 హెర్ట్జ్‌కు మార్చి, సెకనుకు 25 లేదా 50 ఫ్రేములు పెట్టుకుంటే ఆ బాధ పోతుంది. చాలామంది ఈ చిన్న మార్పు తెలియక కెమెరానే పాడైందనుకుంటారు.

రోజువారీ చిత్రీకరణకు 1080పీ సరిపోతుంది. సెకనుకు 16 మెగాబిట్ల చొప్పున గంటకు సుమారు 7 జీబీ పడుతుంది. 4కే తీస్తూ సెకనుకు 60 మెగాబిట్లు పెట్టుకుంటే గంటకు 27 జీబీ అవుతుంది, 128 జీబీ కార్డు ఐదు గంటలు కూడా నిలవదు. కార్డు మీద వి30 అన్న గుర్తు ఉండేలా చూసుకోండి, సెకనుకు కనీసం 30 మెగాబైట్ల వేగంతో ఆగకుండా రాయగలదని దానర్థం. తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూడండి, తర్వాత ఏ క్లిప్పు ఎప్పటిదో తేల్చేది అవే. జీపీఎస్ ఉంటే ఆపేయండి. రికార్డింగు మొదలైనప్పుడు వచ్చే కీచుమనే శబ్దాన్నీ, ఎర్ర దీపాన్నీ మాత్రం ఎన్నడూ ఆపకండి. అవి పక్కవారికి దక్కాల్సిన కనీస సమాచారం.

బ్యాటరీ ఒకటి సాధారణంగా గంట, గంటన్నర వస్తుంది. రోజంతా ఆగకుండా తీయాలని ఆశపడవద్దు, విడతలుగా తీసిన రెండు గంటలు ఎక్కువే.

ఉప్పుగాలి, ఉక్కపోత

బీచ్ రోడ్డులో అరగంట నడిస్తే కళ్ళద్దాల మీద జిగురుగా ఒక పొర పేరుకుంటుంది, లెన్సు మీదా అదే పేరుకుంటుంది. పొడిబట్టతో గట్టిగా తుడిస్తే అందులోని ఉప్పు, ఇసుక లెన్సు పూతను గీరేస్తాయి. మంచినీటితో కొద్దిగా తడిపిన మెత్తటి బట్టతో ముందు అద్ది తీసి, ఆ తర్వాత పొడిబట్ట వాడాలి. రుషికొండలో అలల్లోకి దిగితే, నీటిని తట్టుకునే కెమెరా అయినా సరే, ఇంటికి రాగానే మూతలన్నీ బిగించి ఉన్నాయని చూసుకుని మంచినీటిలో కాసేపు ఉంచి ఆరబెట్టాలి. ఛార్జింగు మూత దగ్గరి రబ్బరులో ఒక్క ఇసుకరేణువు ఇరుక్కున్నా తర్వాతిసారి నీరు లోపలికి పోతుంది.

వేసవిలో ఏసీ గదిలోంచి బయటికి రాగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. పది పదిహేను నిమిషాలు కెమెరాను సంచిలోనే ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వండి. సంచిలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి ఉంచితే మంచిది. మన తీరంలో సూర్యుడు సముద్రం వైపు నుంచే ఉదయిస్తాడు కాబట్టి, పొద్దున్నే సముద్రానికి ఎదురుగా తీస్తే మనుషులందరూ నల్లటి నీడలుగా వస్తారు. అలలూ, పడవలూ స్పష్టంగా కావాలంటే వెలుగు మీ వీపు వైపు ఉండే మధ్యాహ్నం తర్వాతి వేళ మంచిది. గాలి హోరు మాటల్ని మింగేయకుండా మైకుకు చిన్న స్పాంజి ముక్క తొడగండి.

మొదటి చిత్రీకరణ ఇంట్లోనే, పూర్తిగా మీ గురించే

మొదటి రోజు బయటికి వెళ్ళకండి. ఇంట్లో ఒక గంట తీసి, ఆ గంటనూ ఒక్క నిమిషం కూడా వదలకుండా చూడండి. మీరు ఏమేమి బయటపెట్టుకుంటున్నారో అప్పుడు తెలుస్తుంది. ఛాతీ కెమెరా చూసేది సరిగ్గా మీ చేతుల్ని: ఫోను తెరిచే గీత, యూపీఐ పిన్ను నొక్కే వేళ్ళు, తెరమీద వచ్చిన ఓటీపీ, ఏటీఎంలో అంకెలు, బీరువా తాళం ఎక్కడ పెడతారో ఆ చోటు, ఇవన్నీ స్పష్టంగా పడతాయి. కొరియరు పార్శిల్ మీద చిరునామా, ఫ్రిజ్ తలుపుకు అంటించిన మందుల చీటీ, బల్లమీద ఆధార్ జిరాక్సు, గోడకు వేలాడుతున్న పిల్లల స్కూలు గుర్తింపు కార్డు కూడా పడతాయి. కాబట్టి డబ్బు చెల్లించే ముందు లెన్సును అరచేత్తో మూయడాన్ని అలవాటుగా చేసుకోండి. రికార్డింగు ఆపి మళ్ళీ మొదలుపెట్టడం కన్నా ఇది తేలిక, మరిచిపోయే అవకాశమూ తక్కువ. ఎడమ అరచేయి లెన్సు మీదికి, కుడిచేయి ఫోను మీదికి వెళ్ళడం కొద్ది రోజుల్లోనే చేతులకు వచ్చేస్తుంది.

ఇంట్లోవారితో అప్పుడే కూర్చుని మాట్లాడండి. పడకగది, స్నానాలగది ఎలాగూ కాదు. ఇవి కాక, మరే గదిలో, ఏ వేళలో కెమెరా ఉండకూడదో వాళ్ళే చెప్పాలి, మీరు ఒప్పుకోవాలి. అమ్మ వంట చేస్తూ తనలో తాను పాడుకునే పాట మీకు అమూల్యంగా అనిపించవచ్చు, అది నలుగురూ వినాలో వద్దో నిర్ణయించే హక్కు మాత్రం ఆవిడది. పిల్లల విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. చిన్నపిల్లలు ఒప్పుకున్నా అది ఒప్పుకోలు కాదు, పెద్దయ్యాక వాళ్ళు ఆ వీడియోలను ఎలా చూస్తారో ఇప్పుడు ఎవరికీ తెలియదు. వాళ్ళ ముఖాలు, బడి పేరు, ఆటో ఎక్కే చోటు అందరికీ కనిపించే వీడియోలో ఉండనివ్వకండి.

బయటి మనుషులు

ఈ మొత్తం పనిలో కష్టమైనదీ, నేను ఎక్కువగా పట్టుబట్టేదీ ఇదే. బహిరంగ ప్రదేశంలో నడుస్తూ చిత్రీకరించడం మన దేశంలో నేరం కాదు. అయినా 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. వీధిలోకి వచ్చినంత మాత్రాన మనిషి తన గౌరవాన్ని ఇంట్లో వదిలి రాడు. కొన్ని సందర్భాల్లో చట్టం నేరుగానే శిక్షిస్తుంది. అనుమతి లేకుండా ఒకరి శరీరపు రహస్య భాగాల చిత్రాన్ని కావాలని తీయడం, పంపడం, ప్రచురించడం 2000 నాటి ఐటీ చట్టంలోని 66ఇ సెక్షన్ కింద నేరం, మూడేళ్ళ వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూడటం, చిత్రీకరించడం 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కిందికి వస్తుంది. రుషికొండలో స్నానాలు చేసి తడిబట్టలు మార్చుకునే చోటు పక్కగా మీరు కెమెరాతో నడిచి వెళితే, మీ ఉద్దేశం ఏదైనా, అక్కడి ఆడవారికి కలిగే భయం నిజమైనదే. అటువైపు వెళ్ళేటప్పుడు కెమెరా సంచిలో ఉండాలి.

చట్టం పట్టించుకోని చోట మర్యాద పట్టించుకోవాలి. నా పద్ధతి ఇది: దాటిపోయే మనుషులు దూరంగా, గుంపుగా పడితే పరవాలేదు. ఎవరితోనైనా ఆగి మాట్లాడితే మొదటి మాట కెమెరా గురించే ఉండాలి. ఫిషింగ్ హార్బరులో పొద్దున్నే చేపల వేలంపాట జరిగే చోట ఒక ఉదాహరణ చూడండి. తట్టల్లో కోనాం, చందువ, రొయ్యలు పరిచి, పాడేవాళ్ళ గొంతులు ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి, నీళ్ళు, ఐసు, మనుషులు కలిసి అడుగు తీసి అడుగు వేయలేని పరిస్థితి. అక్కడ ఒక చేపలమ్మే ఆమె ముందు ఆగి, ఛాతీ మీది కెమెరాను వేలితో చూపించి, ‘అక్కా, ఇది వీడియో తీస్తోంది. నెట్‌లో పెడదామనుకుంటున్నాను, నీకు ఇబ్బందా?’ అని అడగండి. ‘తట్ట తీసుకో బాబూ, మొకం మాత్రం రానీకు’ అంటే, ఆ క్షణమే కొంచెం వంగి కెమెరాను తట్ట మీదికి తిప్పండి, ఇంటికొచ్చాక చూసుకుందాంలే అనుకోకండి. ఆమె చేతులూ, కత్తీ, పొలుసులు రాలే చప్పుడూ ముఖం కన్నా బాగా కథ చెబుతాయి. పాట జోరుగా సాగుతున్నప్పుడు మాత్రం అడగడానికి కూడా వెళ్ళకండి, అది వాళ్ళ కూటి వేళ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు వేట నిషేధం ఉంటుంది గనుక ఆ రెండు నెలలు హార్బరు వేరుగా కనిపిస్తుంది. అప్పుడు మాట్లాడే తీరిక ఉంటుంది, కానీ ఆదాయం లేని రోజుల్లో మనిషిని చూపించడంలో మరింత సున్నితం కావాలి.

కాదనలేని మనుషుల అనుమతిని అనుమతిగా లెక్కించకండి. ఇంట్లో పనికి వచ్చే ఆమె, వాచ్‌మన్, మీ కింద పనిచేసేవారు, దానం అడిగే ముసలాయన, ఆసుపత్రిలో పడుకున్న బంధువు, వీళ్ళెవరూ ‘వద్దు’ అని సులువుగా అనలేరు. వాళ్ళు ‘పరవాలేదు బాబూ’ అన్నా సరే, ముఖం చూపకపోవడమే న్యాయం.

మాటల సంగతి ఇంకా ముఖ్యం. కెమెరా ముందున్నదే చూస్తుంది, మైకు వెనకున్నదీ వింటుంది. ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి భీమిలి వెళ్ళే 900కే బస్సులో వెనక సీటులోని ఇద్దరు ఇంటి గొడవ మాట్లాడుకుంటుంటే, వాళ్ళ ముఖాలు పడకపోయినా పేర్లూ, ఊర్లూ, అప్పులూ పడతాయి. బస్సులో, హోటలులో, లిఫ్టులో తీసిన వాటిని పంచుకునే ముందు చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకసారి కళ్ళు మూసుకుని వినండి.

కెమెరాను సంచిలో పెట్టాల్సిన చోట్లు

విశాఖ తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం. ఊరిలో రోజూ తిరిగే దారుల్లోనే రక్షణ స్థలాలున్నాయి, అలవాటైన కళ్ళకు అవి మామూలు గోడల్లా కనిపిస్తాయి. నేవల్ డాక్‌యార్డు, డాల్ఫిన్స్ నోస్ కొండమీది నౌకాదళ ప్రాంతం, ఎన్‌ఏడీ కొత్త రోడ్డు కూడలికి పేరిచ్చిన ఆయుధ డిపో, నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్, భీమిలి దారిలోని ఐఎన్‌ఎస్ కళింగ వీటిలో కొన్ని. విమానాశ్రయం కూడా నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగా స్థావరంలోనే ఉంది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం నిషిద్ధ స్థలాల చిత్రాలు, పటాల విషయంలో చాలా కఠినమైనది. గాజువాక నుంచి సింధియా మీదుగా ఊళ్ళోకి వచ్చేవారు ఆ దారంతా కెమెరాను తీసి సంచిలో వేసుకోవడం ఉత్తమం. రికార్డింగు ఆపి ఛాతీ మీదే ఉంచుకుంటే సరిపోదు, గేటు దగ్గరి జవానుకు అది ఆగి ఉందో లేదో తెలిసే దారి లేదు. ఆపి అడిగితే వాదించకుండా చూపించండి.

ఉక్కు కర్మాగారం, పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ లోపల పనిచేసేవారు ఉద్యోగ స్థలంలో కెమెరా ఆలోచనే పెట్టుకోకూడదు. సింహాచలం గుడిలోకి ఫోన్లు, కెమెరాలు అనుమతించరు. కొండ కింద నుంచి మెట్లదారి వరకు తీసుకుని, పైన సామాన్లు దాచే చోట కెమెరా ఇచ్చేయండి. కేజీహెచ్‌తో సహా ఏ ఆసుపత్రిలోనూ, కోర్టు ఆవరణలోనూ, పోలీసు స్టేషనులోనూ తీయకండి. రోడ్డు ప్రమాదం కనిపిస్తే ముందు సాయం చేయండి. ఆ వీడియో పోలీసులకో బాధితుల కుటుంబానికో ఉపయోగపడితే వాళ్ళకు ఇవ్వండి, అందరికీ చూపించవద్దు.

ఇన్ని నిషేధాల తర్వాత మిగిలేది కూడా తక్కువేమీ కాదు. ఆర్కే బీచ్‌లో జలాంతర్గామి మ్యూజియం పక్కన మురీ మిక్చరు కలిపే చేతులు, పూర్ణా మార్కెట్ సందులు, తెన్నేటి పార్కు, కైలాసగిరి, కంబాలకొండ దారులు, మీ సొంత వీధి ఉన్నాయి. ముఖ్యంగా మీ వీధిని తీయండి. ఊరు మారేది అక్కడే, ఎవరూ రికార్డు చేయనిదీ అదే.

ప్రత్యక్ష ప్రసారం గురించి

లైవ్ పెట్టవద్దని నేను చెబుతాను, కారణాలు కూడా చెబుతాను. ఒంటికి ధరించిన కెమెరా చిత్రాలను 1994లోనే ఇంటర్నెట్‌లోకి పంపడం మొదలుపెట్టిన స్టీవ్ మాన్ ఒక పరిశోధకుడు. ఆ తర్వాత 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జస్టిన్ కాన్ టోపీకి కెమెరా తగిలించుకుని, తన జీవితాన్ని జస్టిన్.టీవీ పేరుతో ఇరవై నాలుగు గంటలూ ప్రసారం చేశాడు. అతను ఎక్కడున్నాడో ప్రేక్షకులకు ప్రతి క్షణమూ తెలుసు కాబట్టి, ఎవరో పోలీసులకు తప్పుడు ఫోను చేసి అతని ఇంటిమీదికి పంపారు. ఆ సంస్థ క్రమంగా అందరి ప్రసారాలకూ వేదికై, దానిలోంచే 2011లో ట్విచ్ అనే ప్రత్యక్ష ప్రసార వేదిక పుట్టింది. మీరు లైవ్‌లో ఉన్నారంటే మీ ఇంట్లో ఎవరూ లేరని కూడా లోకానికి చెబుతున్నట్టే. పొరపాటున పడిన పిన్నునూ, వద్దన్న ముఖాన్నీ లైవ్‌లో వెనక్కి తీసుకునే వీలు ఉండదు.

అయినా ఒక సందర్భంలో తప్పదనుకుంటే, ఉదాహరణకు నేవీ డే వేడుకల వంటి బహిరంగ కార్యక్రమం దగ్గర, యూట్యూబు లైవ్‌ను ఒక రోజు ముందే ఆన్ చేసుకోండి, మొదటిసారి అనుమతికి 24 గంటల వరకు పడుతుంది. ఫోను నుంచి నేరుగా లైవ్ చేయాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. ఒకే చోట నిలబడి చేయండి, ఇంటి నుంచి మొదలుపెట్టకండి, ఇంటి దగ్గర ముగించకండి.

మర్నాడు చూడటం, కత్తిరించడం

రాత్రి కార్డులోని ఫైళ్ళను కంప్యూటరులోకి ఎక్కించి పడుకోండి. మర్నాడు తీరికగా చూసి, రెండు గంటల్లోంచి ఐదు నిమిషాలు మాత్రమే తీయండి. అందమైన ముక్కలన్నీ అతికించి సంగీతం కలపాలన్న ఆశ కలుగుతుంది గానీ, ధరించే కెమెరా బలం అందులో లేదు. ఒకే చోట కోత లేకుండా సాగే నాలుగు నిమిషాలు, ఆ చోటి శబ్దంతో సహా, చూసేవారిని అక్కడికి తీసుకెళతాయి. దుకాణంలోనో ఆటోలోనో మోగే సినిమా పాట వీడియోలో పడితే మాత్రం యూట్యూబు కాపీరైటు వ్యవస్థ దాన్ని పట్టుకుంటుంది. ఆ ముక్కను వదిలేయడమో, ఆ కొద్దిసేపు శబ్దం తీసేయడమో చేయాలి.

ముఖాలు మసక చేయడానికి యూట్యూబు స్టూడియోలోనే సదుపాయం ఉంది. ముఖాలను అదే గుర్తించి చూపిస్తుంది, బండి నంబర్లు, ఇంటి నంబర్ల వంటివాటికి మీరే పెట్టె గీయాలి. అది తప్పిపోయే చోట్లుంటాయి. మనిషి పక్కకు తిరిగినప్పుడు, అద్దంలో ప్రతిబింబం పడినప్పుడు మసక జారిపోతుంది. కనుక మసక చేసిన వీడియోను మళ్ళీ మొదటి నుంచి చివరి దాకా చూడాలి. ఒక మనిషి కోసం పది చోట్ల మసక చేయాల్సి వస్తోందంటే ఆ భాగం పంచుకోదగినది కాదని అర్థం.

పెట్టేటప్పుడు

మొదట ప్రైవేటుగా ఎక్కించండి. వీడియోలో ప్రముఖంగా కనిపించేవారికి, కుదిరితే, ముందుగా చూపించండి. కుటుంబానికి మాత్రమే అయితే అన్‌లిస్టెడ్ (వెతికితే దొరకని) లింకు వాడవచ్చు, కానీ ఆ లింకు చేతులు మారితే ఎవరైనా చూడగలరు. నిజంగా దాచాల్సినదైతే ప్రైవేటులోనే ఉంచి వాళ్ళ ఈమెయిళ్ళను చేర్చండి. ఫోను నంబరు ధ్రువీకరించని ఖాతాలో పదిహేను నిమిషాలకు మించిన వీడియో ఎక్కదు. మీరు రోజూ ఒకే వేళకు వెళ్ళే చోట్ల వీడియోలను కొన్ని రోజులు ఆగి, వరుస మార్చి పెట్టండి. ముఖ్యంగా ఒంటరిగా నడకకు వెళ్ళే ఆడవారు ఈ జాగ్రత్త తప్పనిసరిగా తీసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సొంత, గృహ అవసరాలకు మినహాయింపు ఇచ్చింది. ప్రకటనల ఆదాయం వచ్చే ఛానెలును ఆ మినహాయింపులో చూపించడం కష్టం, ఆ దశకు వచ్చినవారు ఒక న్యాయవాదిని సంప్రదించాలి.

ఎవరైనా తీసేయమని అడిగితే

వీడియో వివరణలోనే, ఇందులో మీరు కనిపిస్తే, వద్దనుకుంటే చెప్పండి అని తెలుగులో ఒక వాక్యం, మీ ఈమెయిలు ఉంచండి. ఎవరైనా అడిగితే కారణం అడగకుండా ముందు వీడియోను ప్రైవేటు చేయండి, ఆ తర్వాత ఆ భాగాన్ని కోసి మళ్ళీ పెట్టాలా లేదా అన్నది ఆలోచించండి. యూట్యూబుకు నేరుగా గోప్యతా ఫిర్యాదు వెళితే, సరిదిద్దుకోవడానికి వాళ్ళు మీకు 48 గంటల గడువు ఇవ్వవచ్చు. అంతదాకా రానివ్వకుండా ఉండటమే మేలు. మార్చిన తర్వాత అడిగినవారికి ఆ సంగతి చెప్పండి.

దాచుకోవడం

రోజుకు రెండు గంటలు 1080పీలో తీసి మొత్తం దాచుకుంటే ఏడాదికి 5 టీబీ దాటుతుంది. రోజుకు ఐదు నిమిషాలే ఉంచుకుంటే ఏడాదంతా కలిపి 220 జీబీ లోపే. పంచుకోకూడదని పక్కనపెట్టిన వాటిలో విలువైనవి ఉంటే ఈ ఐదు నిమిషాల్లోకి వాటినీ చేర్చండి, దాచుకోవడానికి ఎవరి చూపూ అవసరం లేదు. మిగతా ముడి ఫైళ్ళను నెలకోసారి చెరిపేయండి, అనుమతి లేని ముఖాలు ఎక్కువగా ఉండేవి వాటిలోనే. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ, ఆ తర్వాత చోటు రాయండి. ‘2025-11-02 పూర్ణా మార్కెట్’ అన్నట్టుగా ఉంటే అన్నీ వరుసగా కూర్చుంటాయి. హార్డ్ డిస్కులు రెండు పెట్టుకుని, రెండోదాన్ని వేరే ఊళ్ళో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పెనుగాలులకు ఇళ్ళు దెబ్బతిని, రోజుల తరబడి కరెంటు లేక ఈ ఊరు పడిన ఇబ్బంది చూసినవారికి ఇది అతి జాగ్రత్త అనిపించదు. దసరాకో సంక్రాంతికో అక్కడికి వెళ్ళినప్పుడు ఆ డిస్కును తెచ్చుకుని, కొత్త ఫైళ్ళు ఎక్కించి, పాతవి ఒకటి రెండు తెరుచుకుంటున్నాయో లేదో చూసి తిరిగి అక్కడే పెట్టించండి.